పదకొండో బకెట్టు

కాస్త దగ్గరికి జరగండమ్మా, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. పుంగనూరు పక్క పల్లెలో హేమలత టమోటా కోత నుంచి ఇంటికొచ్చేసరికి వసారాలో పదకొండో ప్లాస్టిక్ బకెట్టు కూర్చుని ఉంది. మూలనున్న చెనక్కాయల మూట సగానికి దిగింది. వీధుల్లో తిరిగే సామాన్ల ఆటోవాడు కాయలు కొలిచి పోసినా బకెట్లిస్తాడు.

"మామా, మళ్లా కొంటివా?"

"నేను యాడ కొంటినమ్మా? ఆవు దగ్గరుంటి" అన్నాడు రెడ్డెప్ప.

ఆమె నమ్మలేదు. రెడ్డెప్పది చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు. మెదడులో తగ్గిపోయిన డోపమైన్‌కు బదులు పనిచేసే మాత్రను రెండు నెలల కిందట మదనపల్లె డాక్టరమ్మ మొదలుపెట్టింది. దాంతో కొందరికి కొనే పిచ్చో జూదం పిచ్చో పట్టుకుంటుందనీ, పట్టినవాళ్లు దాచిపెడతారనీ, కనిపెట్టి చూడమనీ కోడలికి మరీమరీ చెప్పింది. అప్పటినుంచి ఇంట్లో ఉన్నంతసేపూ హేమలత కళ్లు మామ మీదే. ఒక్కసారీ దొరకలేదు. బకెట్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. అదెలాగో తెలుసుకోవాలని ఆమెకు ఒకటే ఆరాటం. పక్కింటి పూలమ్మ అయితే, "ఒక్క ఆవుకు ఇన్ని బకెట్లా, ఏం పిండుతారమ్మా మీరు?" అని ఎగతాళి చేసిపోయింది.

మరునాడు మామనూ, అత్త తాయమ్మనూ బస్సెక్కించి మదనపల్లె తీసుకుపోయింది. ఆ మాత్ర మాన్పించమని అడిగింది.

రెడ్డెప్ప ముఖం వాడిపోయింది. "మాన్పించొద్దు తల్లీ. ఈ నెలలోనే మళ్లా నా చేత్తో పాలు పిండుకుంటాండా. అదీ పోతే ఇంక నేను యాల ఉండేది?"

డాక్టరమ్మ అతని చేతులు చాపించి చూసింది. ఈ మోతాదుకు వణుకు ఇంకా తగ్గి ఉండాలే అని ఆలోచనలో పడింది. మాత్రలు సరిగా మింగుతున్నాడా అంటే, ఖాళీ అట్టలు రోజూ తానే చూస్తున్నానంది హేమలత.

"మాత్ర మొత్తం నువ్వే మింగుతున్నావా, పెద్దాయనా?"

రెడ్డెప్ప భార్య వైపు చూశాడు. తాయమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. ఆమె చెప్పిన జవాబు గుర్తుపెట్టుకుని, మాత్రలు మింగేవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ చెప్పండమ్మా.

"ఆయన్నేమీ అనొద్దు తల్లీ, బకెట్లు కొనింది నేను. పెండ్లయిన కాణ్నించి ఏం తిన్నా సగం సగమే తింటిమి. ఈ మాత్రా అంతే."