మసక ముఖాలు

పాత కంపెనీ వదిలిన రోజే అక్కడి రోగులను తనతో లాక్కుపోకుండా వకుళ కళ్ళలోని లెన్సులకు ఆంక్ష పడింది. తాను ఫిజియోథెరపీ చేసినవాళ్ళు ఎవరు ఎదురైనా ఏడాదిపాటు వాళ్ళ ముఖాలు మసకగానే కనిపిస్తాయి. మాట కలిపితే లైసెన్సు రద్దు.

"నువ్వు పిలవొద్దమ్మా. పార్కులో కనపడు చాలు, వాళ్ళే మన దగ్గరికొస్తారు," అన్నాడు కొత్త యజమాని చక్రధర్.

అందుకే రోజూ పొద్దున్నే కొత్త కంపెనీ చొక్కా వేసుకుని విశాఖ బీచ్ పార్కులో తిరుగుతోంది. మసక ముఖం ఎదురైతే చాలు, చూపు తిప్పుకుని నడక పెంచేది.

ఆ రోజు ఒక మసక ముఖం కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ నడక వకుళకు తెలుసు. పక్షవాతం వచ్చిన రాజ్యలక్ష్మిని నెలల తరబడి నడిపించింది తానే.

"ఇప్పుడొచ్చే అతను ఫోనే చూసుకుంటాడు. నువ్వు రాకూడదేటమ్మా?" అందావిడ.

నవ్వి వెళ్ళిపోతే చాలు. చక్రధర్‌కు కావలసిందీ అదే. వకుళ నవ్వింది, కదిలింది. వెనక చెప్పు జారిన చప్పుడైంది. పరుగున వెళ్ళి ఆవిడను పట్టుకుంది.

"ముందు మడమ ఆనించండమ్మా, తర్వాత వేళ్ళు."

లైసెన్సు రద్దయిందని కళ్ళ ముందు ఎర్రటి అక్షరాలు వెలిగాయి. వాటి సందుల్లోంచే వకుళ ఆ పాదాన్ని చూస్తూ, "ఇంకొక్క అడుగు," అంది.