రెండు గంటల వెనక

"నొక్కమంటే నొక్కవేంటమ్మా?" భీమశంకరరావు గొంతు చించుకున్నాడు.

హేమశ్రీ మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు, అలాగని నొక్కనూ లేదు. విశాఖ ఫిషింగ్ హార్బరు పక్కనున్న ఆ కంట్రోల్ రూముకి ఆయన ఆఫీసరు, సర్వర్లకు ఆమె ఇన్‌చార్జి. ప్రతి మరబోటులోనూ సొంత బేటరీతో నడిచే టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటుంది. బోటు ఎక్కడుందో ఎప్పటికప్పుడు ఒడ్డుకు చెప్పేది అదే. ఆ కబుర్లన్నీ దాచుకునే సర్వరు గదిలోకి ఇప్పుడు తుఫాను నీళ్లు జొరబడ్డాయి. స్క్రీన్లు ఆరిపోయాయి. డిస్కులు మాత్రం కొనఊపిరితో, తమ దగ్గరున్నదంతా సబ్బవరంలోని రెండో సెంటరుకు పంపుతున్నాయి. పొద్దుటి నుంచీ లైను సరిగ్గా లేక అక్కడి కాపీ రెండు గంటలు వెనకబడింది. ఇప్పుడు నొక్కితే పని సబ్బవరానికి మారి, ఆ పాత కాపీయే అసలుదైపోతుంది. ఇంకా చేరనిది గంగలో కలిసినట్టే.

"కాపాడ్డానికి ఉన్నది ఒక్కటే ఓడ. ఎటు పోవాలని కెప్టెన్ అడుగుతున్నాడు. గవర్రాజు బోటు భీమిలి అవతల కదలకుండా ఉందని సబ్బవరం వాళ్లు చెప్పారుగా! పంపేద్దాం."

"అది రెండు గంటల కిందటి మాట సార్. ఈలోగా బోటు ఎటు పోయిందో ఏమో! ఓడని ఉత్త నీళ్లలో తిప్పుతామా?"

గుమ్మంలో గవర్రాజు భార్య పైడితల్లి తడిచీరతో కూర్చుని ఉంది. "మేడమ్, మా ఆయన కాడికి ఓడ ఎల్తాదా, ఎల్దా? ఏటో ఒకటి సెప్పండమ్మా."

"వెళ్తుందమ్మా. కాస్త ఓపిక పట్టు."

అనేసింది గానీ, ఆ భరోసా ఇవ్వడానికి తనెవరని హేమశ్రీకి తన మీద తనకే కోపం వచ్చింది.

కాపీ వెనకబాటు గంటకు తగ్గింది. కింద నుంచి ఎలక్ట్రీషియన్ సాయిశంకర్ కేకేశాడు. "బేటరీల కాడికి నీళ్లొచ్చీసినాయి మేడమ్!"

"డిస్కులు పోతే అన్నీ పోతాయి. బాధ్యత ఎవరిది?" ఆఫీసరు పళ్లు నూరాడు.

"నాదే సార్."

"రాసిస్తావా?"

"ఈ నీళ్లలో పొడికాగితం మీరు తెచ్చిపెట్టండి, రాసిస్తాను."

వెనకబాటు ఇంకా తగ్గింది. అరగంట. పది నిమిషాలు. లైట్లు ఒకసారి ఆరి వెలిగాయి.  కాపీ పూర్తయినట్టు గీత చివరికంటా చేరగానే హేమశ్రీ నొక్కేసింది.

సబ్బవరం అందుకుంది. గోడ మీది స్క్రీను వెలిగింది. దక్షిణాన పూడిమడక దగ్గర పదిమందితో ఉన్న బోటొకటి ఇప్పుడే ఆగిపోయింది. గవర్రాజు బోటు చుక్క మాత్రం హార్బరు ముఖద్వారం దాటి లోపలికొస్తోంది.

"చూశారా సార్? మీ మాట వినుంటే ఓడ భీమిలి పోయేది!"

భీమశంకరరావు వైర్‌లెస్ అందుకుని ఓడని దక్షిణానికి తిప్పించాడు. "నీ మొండితనమే కాపాడిందమ్మా," అన్నాడు.

"ఒచ్చీసినాడా? మా ఆయనొచ్చీసినాడా?" పైడితల్లి పరుగున వచ్చి హేమశ్రీ చేతులు పట్టుకుంది. "నీ కడుపు సల్లగుండ తల్లీ!" హేమశ్రీకి ఏడుపు ఆగలేదు.

అప్పుడే పైడితల్లి తమ్ముడు నూకరాజు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. ఒళ్లంతా తడి. చంకలో మాత్రం పాలిథిన్ కవరు చుట్టిన పెట్టె పొడిగా ఉంది.

"అక్కా, బావ బోటు ఇంజిను పోనాది, భీమిలి అవతలే ఉండిపోనాడు. నా సిన్న బోటుతో లాగలేకపోనాను, బోటొదిలి ఆడు రానన్నాడు, బోటులో పెట్టి ఊడబీకి నాకిచ్చీసినాడు. నేనున్న సోటు ఈ పెట్టికే ఎరిక, బేగి అట్టుకెళ్లి మేడమ్‌కిచ్చీ, ఓడ తిన్నగా నా కాడికే ఒచ్చీస్తాది అన్నాడు."