అద్దంలో బొమ్మ

నా భార్య పోయి పంతొమ్మిది రోజులైంది. ఇంట్లో నిశ్శబ్దం భరించలేక, పాడైన పాత టీవీని బాగుచేయమని మెకానిక్‌ను పిలిచాను. చీకటి పడ్డాక వచ్చాడు. వెనక మూత విప్పి, అక్కడి నుంచే బొమ్మ చూసుకోవడానికి నన్ను తెర ఎదుట అద్దం పట్టుకోమన్నాడు.

"మాస్టారూ, అమ్మగారిని కాస్త జరగమనండి. బొమ్మకి అడ్డమొస్తున్నారు."

నాకూ టీవీకీ మధ్య ఎవరూ లేరు.

"ఇంట్లో నేనొక్కణ్ణేనయ్యా," అన్నాను.

"భలేవారే! అమ్మగారు వింటే ఊరుకుంటారా?" అని నవ్వి, మళ్లీ అద్దంలోకి, ఆ తర్వాత నా భుజం మీదుగా చూశాడు. "ఆఁ, చాలమ్మా. అలా మాస్టారి వెనకాలే ఉండండి."

నేను తల తిప్పలేకపోయాను. చేతుల్లో అద్దం పక్కకి ఒరిగింది.

"కదపకండి మాస్టారూ. అమ్మా, మీరూ ఓ చెయ్యి వేయండి."

అద్దం బరువు సగం తగ్గింది.