వెనక్కి కట్టుకున్న చేతులు

ఉయ్యాలలో పెట్టిన సంచి దబ్బుమని కింద పడింది.

కామాక్షి గుండె ఝల్లుమంది. సంచి బదులు బిడ్డ ఉండి ఉంటే?

ఎనిమిది నెలల పాప గంట నుంచీ ఆమె భుజం మీద ఏడుస్తోంది. ఉయ్యాల ఊపితే తప్ప దానికి నిద్ర రాదు. అందుకే ఆన్‌లైన్లో తెప్పించిన వల ఉయ్యాలను బోగోలు దగ్గర సముద్రపొడ్డుకు తెచ్చుకున్నారు.

బూటు లేసు కూడా కామాక్షితోనే కట్టించుకునే ఆమె భర్త పెంచలకృష్ణ, ఫోనులో వీడియో చూస్తూ సరుగుడు చెట్లకు మూడు రకాల ముడులు వేశాడు. మూడూ జారాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తాడును తిట్టాడు.

"నిలవదు అబ్బయ్యా. రెండో మెలిక ఎదురు తిప్పినావు."

పంచె కట్టిన ముసలాయన వెనక నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"మీకు తెలిసినట్టుందే. మీరే కాస్త కట్టండి పెద్దాయనా," అంది కామాక్షి.

"నేను కట్టనులే తల్లీ. చెప్తా, ఆ అబ్బయ్యే కడతాడు."

చెప్పాడు. "చెట్టుకు రెండు చుట్లు తిప్పు. ఇప్పుడు తాడు మీద మెలిక. రెండోది కూడా అదే వైపుకు. ఊఁ, గుంజు."

పెంచలకృష్ణ చేతిలోంచి కొస జారిపోయింది. ముసలాయన చెయ్యి ముందుకు రాబోయి, మళ్లీ వెనక్కి పోయింది.

కామాక్షికి ఒళ్లు మండింది. "ఒక్క ముడి వేస్తే చేతులు అరిగిపోతాయా? బిడ్డ ఏడస్తా ఉంటే నిలబడి పెత్తనం చేస్తా ఉండారే."

ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. రెండు చెట్లకూ ముడి పడ్డాక, "ముందు నువ్వు కూచో అబ్బయ్యా," అన్నాడు.

పెంచలకృష్ణ కూర్చుని గట్టిగా ఊగాడు. చెట్టు కిర్రుమంది. ముడి కదల్లేదు.

అయినా కామాక్షి పాపను పడుకోబెట్టి, చాలాసేపు ఉయ్యాల కింద అరచేతులు పట్టుకునే ఉంది. పాప నిద్రపోయాక తల ఎత్తి చూస్తే ముసలాయన లేడు.

అటుగా వచ్చిన, ముంజలు అమ్మే ఆదిశేషమ్మ గంప దించి, ముడిని వేలితో తడిమింది.

"పోలేరయ్య చెప్పినాడా? ఇది ఆయన ముడే."

"నోటితో చెప్పాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు. అంత టెక్కు ఏందో."

ఆదిశేషమ్మ ముడి మీంచి వేలు తీసింది.

"టెక్కు కాదమ్మే. ముప్పై ఏళ్లుగా మా ఊళ్లో ఎవురు పోయినా పాడె కట్టేది ఆయనే, ఆ చేతులతో సొంత మనవరాలి ఉయ్యాల తాడు కూడా ముట్టుకోలా."