తంబూరా వెనక ఫోను

పాఠం మధ్యలో మా గురువు నీలవ్వబాయి అరచెయ్యి తంబూరా బుర్ర మీద జరుగుతూ జరుగుతూ వెనక్కి పోయి, నేను దాచిన ఫోనుకి తగిలింది. నా పాట అక్కడే తెగిపోయింది.

పాడిన స్వరం సరిగ్గా పలికితే ఆ ఫోనులో పచ్చ గీత వస్తుంది, తప్పితే ఎర్ర గీత. కిందటేడు ఇలాగే పట్టుబడ్డ పిల్లని, "చెవుల్లేనివాళ్లకి నా దగ్గర పాఠం లేదు, పో" అని బాయి అదే పూట హుబ్లీ బస్సెక్కించింది.

నేను మాత్రం ఏం చెయ్యను? ఆరు నెలలుగా ఏం పాడినా ఆవిడ నోట ఒకటే మాట, "మళ్ళీ." తప్పెక్కడో చెప్పదు. బుర్ర మీద చెయ్యి ఆనించి, నా పెదవుల వంకే గుచ్చి గుచ్చి చూస్తుంది.

"ఏంటే ఇది?"

"తప్పయిపోయింది బాయీ. ఇంకెప్పుడూ ముట్టను."

బాయి లేచి తలుపు గడియ పెట్టింది. చెంప పగలడం ఖాయమనుకున్నాను.

ఆవిడ నా ఎదురుగా కూర్చుని, ఫోను నా చేతికే ఇచ్చి, కళ్లు మూసుకుని షడ్జం అందుకుంది. గీత పచ్చగా, బాణంలా సాగింది.

బాయి కళ్లు తెరిచింది. నాకంటే ఎక్కువ భయం ఆ కళ్లలో ఉంది.

"సరిగ్గానే పలికిందంటోందా, మలప్రభా? దీపావళి నుంచీ నాకేమీ వినబడట్లేదే. నీ పాటా, నా పాటా."