లోతుకు వెళ్ళే పడవ

“చిన్నది చాలు,” అంది అత్త మళ్ళీ.

షెడ్డులో రెండు అల్యూమినియం మోటారు పడవలు చెక్క దిమ్మల మీద పక్కపక్కనే ఉన్నాయి. చిన్నదాని అంచు అత్త నడుము దాకా కూడా రాలేదు. పెద్దదాని లోపల ఏముందో చూడాలంటే కోడలు మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది.

పడవల దుకాణదారు ఓపిగ్గా తేడాలు వివరించాడు. చిన్నది తేలిక, ఇసుకలో ఒక్కరే లాక్కోవచ్చు, ఆయిలు కూడా తక్కువే తాగుతుంది. పెద్దది బరువు, ఆయిలూ ఎక్కువే తాగుతుంది, కానీ అలను చీల్చుకుంటూ పోతుంది. చేపల వేటకని కోడలు ముందే చెప్పింది కాబట్టి, పెద్దదైతే సముద్రంలో దూరంగా కనిపించే నల్లరాయి దాటి లోతుకు వెళ్ళి రావచ్చని కూడా అన్నాడు.

ఆ మాటే అత్తకు గిట్టలేదు. లోతుకు వెళ్ళనక్కర్లేదని, ఒడ్డు కనిపించే మేర దొరికిన వాటితోనే ఇల్లు గడుపుకుంటామని ఖరాఖండిగా చెప్పింది. దుకాణదారు నవ్వి, కన్నతల్లి భయం తనకు తెలుసని, అయినా మగపిల్లాణ్ణి ఎంతకాలమని కొంగున ముడేసుకుంటారని అడిగాడు. అత్త చిన్న పడవ వైపు జరిగింది. కోడలు పెద్ద పడవ అంచు మీద వేసిన చెయ్యి తీయలేదు.

“పొద్దున్నుంచీ చూస్తున్నా, నా మాటంటే నీకు లెక్కలేదు,” అంది అత్త.

“లెక్క ఉండబట్టే మిమ్మల్ని వెంటబెట్టుకొచ్చాను అత్తయ్యా.”

తగువు ముదిరేలా ఉందని దుకాణదారుకు అర్థమైంది. రెండూ నీళ్ళ మీద చూసి తేల్చుకోమన్నాడు. ముందు చిన్నదాన్ని దింపించి, తనే నడపడానికి కూర్చున్నాడు.

రేవు దాటేవరకు పడవ నున్నగా జారిపోయింది. అత్త ముఖంలో, నేను చెప్పలేదా అన్న ధీమా. రేవు దాటగానే గాలి తిరిగింది. పక్కనుంచి వచ్చిన అల పడవను ఒరగదోసి, అంచు మీదుగా లోపలికి దూకింది. చీలమండల దాకా నీళ్ళు. అత్త కోడలి మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. దుకాణదారు ముఖం కూడా పాలిపోయింది. ఎలాగో పడవ ముందుభాగాన్ని అలకు ఎదురు తిప్పాడు. అతను తిప్పిన తీరును కోడలు కన్నార్పకుండా చూసింది.

“దగ్గర్లో చేపలు లేనినాడు చిన్న పడవైనా లోతుకే పోతుంది అత్తయ్యా,” అంది ఊపిరి కూడదీసుకుని. “మన పాతది ఇంతకన్నా చిన్నదేగా.”

అత్త పట్టు సడలింది. పడవ ఒడ్డుకు తిరిగింది.

పెద్ద పడవలో అదే చోటికి వెళ్ళారు. అలాంటి అలలే వచ్చాయి. పడవ లేచింది, దిగింది. లోపల చుక్క నీరు పడలేదు. అయినా అత్త కళ్ళు మూసుకునే కూర్చుంది. దిగాక, తడిసిన బట్టలు పిండుకుంటూ చాలాసేపు ఆ పడవ కేసి చూసింది.

“పెద్దదే ఇవ్వండి,” అంది.

దుకాణదారు మనసు తేలికపడింది. పెద్ద ఇంజను మొదట్లో మొండికేస్తుందని, అలల్లో ఎలా తిప్పాలో తానే దగ్గరుండి నేర్పుతానని, రేపు వాళ్ళబ్బాయిని పంపమని చెప్పాడు.

కోడలు తల తిప్పుకుని నీళ్ళ వైపు చూసింది. అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది.

“మా వాడు ఆ నీళ్ళలోనే పోయాడు బాబూ, నడిపేది నా కోడలు.”