దయాకర్ వచ్చే వేళ

“ఎవడే ఆ దయాకర్?”

చెంప మీద దెబ్బ పడ్డాకే ఆ ప్రశ్న వచ్చింది. ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపే ఆ ఆపరేటరుకి ఎప్పుడూ అంతే, ముందు చెయ్యి లేస్తుంది, తర్వాతే నోరు. మిషను చెడిపోయి ఆ సాయంత్రం కాస్త ముందే ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, లోపల భార్య ఫోనులో గొంతు తగ్గించి అంటున్న మాట చెవిన పడింది. “ఉంటానక్కా. దయాకర్ వచ్చే వేళైంది.”

ఆమె గోడకి ఆనుకుని పెదవి తుడుచుకుంది. వేళ్లకి రక్తం అంటింది.

“అలాంటివాడెవడూ లేడు.”

“లేనివాడికి వేళెందుకే?”

“చెప్తే ఇంకా కొడతావు.”

జుట్టు పట్టుకుని స్టవ్వు గట్టుకి అదిమాడు. గిన్నెలు దబదబా కింద పడ్డాయి. “చెప్పకపోతే చంపేస్తాను.” ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది గానీ నోరు విప్పలేదు. దాంతో అతని అనుమానం కాస్తా నిజమై కూర్చుంది. తప్పు చెయ్యని మనిషికి దాపరికం దేనికి?

అప్పుడు తట్టింది. భార్య పనిచేసే లాండ్రీలోనే ఇస్త్రీ చేసే ఒకావిడ ఉంది. ఆవిడ మొగుడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వాడి పేరు దయాకర్ అని ఎవరో అనగా విన్నాడు. పెళ్లాన్ని దింపే వంకతో రోజూ లాండ్రీ గేటు దాకా వస్తాడు కూడా.

“ఆ ఫ్రిజ్‌లవాడేగా!” అంటూ తలుపు వెనకున్న ఇనప కడ్డీ అందుకున్నాడు.

“వద్దు. పాపం అతనికేం తెలీదు,” అని భార్య అతని కాళ్లకి అడ్డం పడింది.

ఆ ‘పాపం’ అన్న మాట అగ్గికి ఆజ్యం పోసింది. ఆమెను తన్ని, వీధిలోకి వచ్చాడు.

సందు చివర, ఫ్రిజ్‌లు బాగుచేసే గదిలో మెకానిక్ నేల మీద చతికిలబడి, కాళ్ల మధ్య కంప్రెసరు పెట్టుకుని బోల్టులు విప్పుతున్నాడు.

“దయాకరంటే నువ్వేనా?”

“నేనే. రా అన్నా, ఏ కంపెనీ ఫ్రిజ్జు?”

కడ్డీ భుజం మీద దిగింది. లోపల ఎముక పుటుక్కుమన్న చప్పుడు ఇద్దరికీ వినబడింది. మెకానిక్ కూడా తక్కువవాడు కాదు. రెండో చేత్తో స్పానరు తీసి విసిరాడు. ఆపరేటరు నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. ఆ కంటిని తుడుచుకోకుండానే అవతలివాడి మోకాలి మీద కొట్టాడు. మళ్లీ అక్కడే కొట్టాడు. మెకానిక్ బోర్లా పడిపోయాడు.

“నా పెళ్లాంతో నీకేంట్రా పని?”

“నీ పెళ్లాం ఎవరో కూడా నాకు తెలీదన్నా. పిల్లల మీద ఒట్టు.”

ఇంకో దెబ్బకి కడ్డీ ఎత్తేసరికి వెనక ఎవరో వచ్చిన అలికిడైంది. ఇస్త్రీ ఆవిడ. ఒక కన్ను వాచి, కమిలి, పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆవిడ గుండెలు బాదుకుంటుందనీ, నలుగురినీ పిలుస్తుందనీ అనుకున్నాడు. ఆవిడ అరవలేదు. కింద మూలుగుతున్న మొగుణ్ణి తాపీగా చూసింది.

“నీ మొగుడు నా కాపురంలో చిచ్చు పెట్టాడు,” అన్నాడు ఆపరేటరు రొప్పుతూ. “దయాకర్ వచ్చే వేళైందని మా ఆవిడ ఫోనులో అంటుంటే నా చెవులారా విన్నాను.”

ఆవిడ పెదాలు కొద్దిగా వణికాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

“ఈయనకి పరాయి ఆడవాళ్ల జోలికెళ్లే తీరికెక్కడిది? నన్ను తన్నడానికే పొద్దు చాలదు,” అంటూ లోపలికొచ్చి అతని ఎదురుగా నిలబడింది. “మా లాండ్రీలో ఈయన పేరు ఎప్పుడో ఒక్కడి పేరు కాకుండా పోయింది. పెళ్లాన్ని చావబాదే ప్రతి మొగుణ్ణీ మేం దయాకర్ అనే అంటాం. ఇంతకీ నువ్వెవరి దయాకర్‌వి?”